చెవి కొస మీద ఈగ, తోక కింద ఈగ

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా. పన్నెండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. రెండేళ్ల కిందట యలహంక దాటాక, దేవనహళ్లి వైపు చిన్న ఇల్లు కట్టుకున్నాం. మా బ్రూనోకి ఆరేళ్లు, జర్మన్ షెపర్డ్. ఇక్కడికి వచ్చాకే వాడికి ఈగల బాధ మొదలైంది. పక్క స్థలంలో ఒక పెద్దాయన నాలుగు ఆవుల్ని పెట్టుకున్నారు. పొద్దున వాడు వరండాలో పడుకుంటే చాలు, రెండు చెవుల కొసల మీదా ఈగలు గుంపుగా వాలుతున్నాయి. కొసలు నల్లగా పెచ్చు కట్టాయి. తల విదిలిస్తే రక్తం చుక్కలు గోడ మీద పడుతున్నాయి. మా అత్తయ్యగారు పసుపు, కొబ్బరినూనె కలిపి రాస్తున్నారు. మా ఆయన ఈగల స్ప్రే కొడదామంటారు. మా వీధి వాచ్‌మన్ కిరోసిన్ గుడ్డతో తుడవమన్నాడు. పిడుదుల మాత్ర నెలనెలా వేస్తూనే ఉన్నాం, ఈగలు మాత్రం తగ్గడం లేదు. ఇంట్లో పిల్లి కూడా ఉంది, దానికేమీ లేదు. అసలు ఈగలు కరుస్తాయా? ఏం రాస్తే రాకుండా ఉంటాయి? చెవులు మళ్లీ మామూలుగా అవుతాయా? ఇంకోటి, నాలుగైదు రోజులుగా వాడు తోక కింద ఊరికే నాక్కుంటున్నాడు. దగ్గరికొస్తే కొంచెం వాసన. స్నానం చేయిస్తే పోతుందేమో అనుకుంటున్నాం.
ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం:

అమ్మా,

ఉత్తరమంతా చెవుల గురించి రాసి, తోక సంగతి చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. నేనేమో ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. అందుకే మీ ఉత్తరం అందిన రోజే "ముందు తోక ఎత్తి చూడండి, స్నానం వద్దు" అని మీకు విడిగా రాశాను. మిగతావాళ్లకీ పనికొస్తుందని ఇక్కడ వివరంగా చెబుతున్నాను. చెవుల దగ్గరికి తర్వాత వద్దాం. చెవి కొస మీద పెచ్చు వల్ల ప్రాణం మీదికి రాదు. తోక కింద నాలుగు రోజుల వాసన వల్ల రావచ్చు.

చూసేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు వాడి తల పక్కన కూర్చుని, మెడపట్టీ పట్టుకుని, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. ఎంత గారాల కుక్కయినా అక్కడ నొప్పుంటే గభాల్న తిరిగి కరుస్తుంది. పాత చున్నీ ఒకటి తీసుకుని మూతి చుట్టూ ఒక చుట్టు చుట్టి, మెడ వెనక ముడి వేస్తే నిశ్చింతగా ఉంటుంది. ఊపిరి ఆడేంత వదులుండాలి, ఐదు నిమిషాలకంటే ఉంచకూడదు. రెండోవారు తోక ఎత్తి, ఫోన్ టార్చి వేసి, వెంట్రుకల్ని పాయలు పాయలుగా విడదీయాలి. ఈ జాతికి తోక మొదట్లోనూ తొడల వెనకా బొచ్చు ఒత్తుగా ఉంటుంది. పైపైన చూసి "ఏమీ లేదు" అనేసేవాళ్లే ఎక్కువ. చర్మం కనపడేదాకా విడదీయాలి.

అక్కడ శుభ్రంగా, పొడిగా ఉండి, వాడు పిర్రలు నేలకేసి ఈడ్చుకుంటున్నాడంటే మలద్వారానికి అటూ ఇటూ ఉండే గ్రంథులు నిండి ఉండొచ్చు. ఆ వాసన కుళ్లిన చేప వాసనలా ఉంటుంది. డాక్టరు రెండు నిమిషాల్లో పిండేస్తారు. అలా కాకుండా చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు పడి రసి కారుతుంటే సంగతి వేరే. జర్మన్ షెపర్డ్‌లకి ఆ జబ్బు మిగతా జాతులకంటే ఎక్కువగా వస్తుంది, మందులు నెలల తరబడి వాడాల్సి ఉంటుంది. రేపు, ఎల్లుండి అనకుండా చూపించాలి. ఇక వెంట్రుకల మొదళ్లలో బొంబాయి రవ్వ అంటుకున్నట్టు తెల్లటి పలుకులు గుత్తులుగా కనిపిస్తే అవి ఈగ గుడ్లు. సన్న దువ్వెనతో దువ్వండి, ఊడి రాకపోతే ఆ వెంట్రుకల్నే కత్తిరించి పారేయండి. చర్మంలో ఒక చిన్న రంధ్రం, దాని లోపల ఏదో మెసులుతున్నట్టు కనిపిస్తే పురుగులు పట్టేసినట్టే. ఇక ఆ రోజే, ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఈ పని చేసేది చెవుల మీద వాలే ఈగ కాదు. మాంసం కొట్టు దగ్గర పచ్చగా, నీలంగా మెరుస్తూ తిరిగే ఈగలు చూసి ఉంటారు, ఆ కుటుంబానిది. అందులో ఒక రకానికి క్రైసోమియా బెజ్జియానా అని పేరు. కుళ్లిన మాంసంతో దానికి పని లేదు, బతికున్న జంతువు ఒంటి మీద పుండే కావాలి. పుండు అంచున ఒక్కసారికి 100కి పైనే గుడ్లు పెడుతుంది. ఒక రోజు తిరిగేలోపు అవి పురుగులవుతాయి. తల కిందికి పెట్టి మాంసంలోకి తొలుచుకుపోతాయి. ఐదు నుంచి ఏడు రోజులు తిని, బలిసి, మట్టిలోకి రాలిపోతాయి. ఈలోగా పుండు వాసనకి ఇంకో పది ఈగలు వచ్చి గుడ్లు పెడతాయి. పైకి కందిగింజంత రంధ్రం కనిపిస్తుంది, లోపల నిమ్మకాయంత గుల్ల ఉంటుంది. టార్చి వేసి చూస్తే రంధ్రంలో సూదిమొనంత నల్ల చుక్కలు జంటలు జంటలుగా కనిపిస్తాయి. అవి కళ్లనుకుంటారు చాలామంది. పురుగు ఊపిరి పీల్చుకునేది వెనక వైపు నుంచి, ఆ చుక్కలు దాని ముక్కు రంధ్రాల్లాంటివి. మనవైపు తోక పెట్టి లోపల భోజనం చేస్తోందన్నమాట.

ఇది పశువుల డాక్టరు ఇంట్లోనే జరిగిందంటే నవ్వుతారేమో. పదేళ్ల కిందట, అక్టోబరు వానల్లో, మా పింకీకి విరేచనాలు పట్టుకున్నాయి. లాసా జాతి, ఒళ్లంతా బొచ్చు. మందిచ్చాను, మూడో రోజుకి తగ్గింది. వెనకాల కడిగాను గానీ, బొచ్చు కత్తిరించలేదు. ఆ తడి ఆరలేదని తర్వాత తెలిసింది. రెండు రోజులయ్యాక మా ఆవిడ "దాని వెనకాల ఈగలు ముసురుతున్నాయండీ, ఒకసారి చూడండి" అంది. అప్పుడే క్లినిక్ నుంచి వచ్చి కూర్చున్నాను. ఊళ్లో కుక్కలన్నిటినీ చూసొచ్చాక ఇంట్లో కుక్కని చూడ్డానికి బద్ధకం. పొద్దున చూస్తాలే అన్నాను. పొద్దున కత్తెర పట్టుకుని కూర్చుంటే 47 పురుగులు తీశాను. లెక్క ఎలా తెలుసంటే, పట్టకారుతో నేను ఒక్కొక్కటీ గిన్నెలో వేస్తుంటే మా ఆవిడ పక్కన నిలబడి పైకి లెక్కపెట్టింది, నాకు బాగా వినపడేలా. పింకీ బతికింది, ఇంకో నాలుగేళ్లు ఉంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఈగ కుక్క మీద వాలితే ముందు తోలం. అది ఎక్కడ వాలిందో చూస్తాం, ఆ తర్వాత తోలుతాం.

మీరు కూడా ఇది పట్టుకోండి. ఈగకి మన కుక్క మీద ప్రేమా లేదు, పగా లేదు. దానికి కావాల్సింది వాసన, తడి, రక్తం. చెవి లోపల చీము, పాదాల సందులో పుండు, ఆపరేషన్ కుట్టు, ముసలి కుక్క మూత్రంతో తడిసిన బొచ్చు, ఏదో ఒకటి ఉంటుంది. మనకి ఇంకా తెలియకముందే ఈగకి తెలుస్తుంది. ఎప్పుడూ లేనిది ఒక చోట అదేపనిగా ఈగలు వాలుతున్నాయంటే, ఆ చోటు విడదీసి చూడ్డమే మొదటి పని.

పురుగులు కనిపిస్తే ఆస్పత్రికి చేరేలోపు మీరు చేయగలిగింది తక్కువే. చుట్టూ బొచ్చు కత్తిరించండి. మరిగించి చల్లార్చిన నీళ్లతో కడగండి. పైకి కనిపించేవి పట్టకారుతో తీయండి, లోపలికి తవ్వకండి. నాక్కోకుండా మెడకి గరాటు పట్టీ వేయండి. పెట్రోలు, కిరోసిన్, ఫినాయిల్ మాత్రం వద్దు. పురుగు చస్తుంది నిజమే, దాంతోపాటు కండ కూడా కాలుతుంది. నాకితే కడుపులోకి వెళ్తుంది, కక్కుకున్నప్పుడు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది. టర్పెంటైన్ సంగతి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెప్తారు. మా చదువుల రోజుల్లో టర్పెంటైన్‌లో ముంచిన గాజుగుడ్డ పుండులో పెట్టేవాళ్లం. ఊపిరాడక పురుగులు బయటికి వచ్చేవి. పనిచేసేది, కానీ పచ్చి పుండు మీద ఆ మంట ఎలా ఉంటుందో కుక్క నోరు తెరిచి చెప్పలేదు కదా. ఇప్పుడు పురుగుల్ని చంపే మాత్రలు, ఇంజెక్షన్లు, నొప్పి తెలియకుండా మత్తు అన్నీ ఉన్నాయి. మీ వైపు నుంచి హెబ్బాళ్ వెటర్నరీ కాలేజీ పెద్ద దూరం లేదు. 1958 నుంచీ ఉన్న కాలేజీ అది, ఆస్పత్రి కూడా అక్కడే. వేళలు ఫోన్‌లో కనుక్కుని వెళ్లండి.

ఇక చెవులు.

ఈగలు కరుస్తాయా అని అడిగారు. అన్నం మీద వాలే ఈగ కరవదు, దానికి కరిచే నోరే లేదు. మెత్తటి స్పాంజిలాంటి మూతితో ఉమ్మి తడిపి పీల్చుకుంటుంది, అంతే. బ్రూనో చెవుల్ని పొడుస్తున్నది చూడ్డానికి అచ్చం దానిలాగే ఉండే ఇంకో ఈగ. ఇంగ్లీషులో స్టేబుల్ ఫ్లై అంటారు. మనం కొట్టం ఈగ అనుకుందాం. జోరీగ వేరు. అది పెద్దది, గుయ్యిమంటూ వస్తుంది, ఆవులు దాని చప్పుడుకే తోక లేపుతాయి. ఇది ఇంటి ఈగంతే ఉంటుంది. ఎండ పడే గోడ మీద వాలినప్పుడు ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. తల కింద నుంచి ముందుకి పొడుచుకొచ్చిన సన్నటి నల్ల సూది కనిపిస్తే అదే. ఫొటో దాకా కూడా అక్కర్లేదు. పొద్దున వరండాలో కాళ్లు చాపి కాఫీ తాగుతుంటే చీలమండ దగ్గర చురుక్కుమని, తీరా చూస్తే "మామూలు ఈగే కదా" అనిపిస్తుంది చూడండి, అదే ఇది. దోమల్లో ఆడదే కుడుతుంది. వీటిలో మగది కూడా రక్తం తాగుతుంది.

ఆవుల్లో కాళ్లని, కుక్కల్లో చెవి కొసల్ని ఎంచుకుంటుంది. అక్కడ చర్మం పల్చన, బొచ్చు తక్కువ, నిలబడ్డ చెవి మీద వాలడం తేలిక. చెవులు వేలాడే కుక్కలకయితే మడత పడే చోట కరుస్తుంది. కడుపు నిండడానికి దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో బ్రూనో తల విదిలిస్తే లేచి, ఆకలి తీరలేదు కాబట్టి మళ్లీ అక్కడే ఇంకో పోటు పొడుస్తుంది. కారిన రక్తం ఎండి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు వాసనకి ఈసారి కరవని ఇంటి ఈగలు కూడా వస్తాయి. మీరు చూస్తున్న గుంపులో కరిచేవి నాలుగు ఉంటే నాకేవి నలభై ఉంటాయి. పెచ్చు ఉన్నంత కాలం వాటికి పిలుపు అందుతూనే ఉంటుంది. అందుకే "ఏం రాస్తే రావు" అనేదాని కంటే ముందు ఆ పెచ్చు పోవాలి.

పెచ్చు గోటితో పీకకండి, కింద మళ్లీ రక్తం వస్తుంది. అర లీటరు నీళ్లు మరిగించి చల్లార్చి, ముప్పాతిక టీస్పూను ఉప్పు వేయండి. ఆ నీళ్లు గోరువెచ్చగా ఉన్నప్పుడు గుడ్డ ముంచి, పిండి, చెవి కొసని ఆ గుడ్డలో పొదిగి పట్టుకోండి. ఐదు నిమిషాలు రుద్దకుండా ఊరికే పట్టుకోండి చాలు. పెచ్చు నానినంత మేరకి అదే గుడ్డకి వస్తుంది. రానిది రేపు వస్తుంది. ఒత్తి తడి ఆర్చి, పావిడోన్ అయోడిన్ మందుని లేత టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి దూదితో అద్దండి. అది ఆరాక డాక్టరు రాసిచ్చిన ఆయింట్‌మెంట్ ఏదైనా ఉంటే పల్చగా రాయండి. పొద్దున బయటికి వదిలే ముందు చెవి కొస రెండు వైపులా వాజలీన్ మందంగా పట్టించండి. వాజలీన్‌లో మందేమీ లేదు. ఈగ కాలికి పట్టు దొరకదు, రక్తం ఎండి పెచ్చు కట్టదు, వాడు కాస్త నాకినా ఫరవాలేదు. గాయాల మీద కొట్టే మూలికల స్ప్రేలు పశువుల మందుల కొట్లలో దొరుకుతాయి, ఈగలు వాలకుండా కొంతసేపు కాపాడతాయి. అవి వాడేటప్పుడు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టండి. నేనైతే ముందు దూదికి కొట్టి, ఆ దూదితో అద్దుతాను. ఆ బుస్సుమనే చప్పుడు విని ఇల్లొదిలి పరిగెత్తిన కుక్కల్ని చాలా చూశాను.

ఒక చెవి డొప్ప ఎప్పుడైనా పూరీలా ఉబ్బితే అది వేరే సమస్య. తల అదేపనిగా విదిలిస్తే డొప్ప లోపల రక్తనాళం చిట్లి, చర్మం కింద రక్తం నిండుతుంది. మెత్తగా, వేడిగా ఉంటుంది. సూదితో మీరే తీసేయకండి, డాక్టరే తీయాలి. అలాగే చెవి లోపల గోధుమ రంగు జిగురు, పుల్లటి వాసన ఉన్నాయేమో చూడండి. ఉంటే తల విదిలింపులకి సగం కారణం లోపలే ఉంది.

మీ ఇంట్లో ముగ్గురు మూడు సలహాలు ఇచ్చారు కదా. అత్తయ్యగారి పసుపు, కొబ్బరినూనె వల్ల హాని లేదు. ఇబ్బంది ఏమిటంటే పసుపు ఎండి పెచ్చుతో కలిసిపోయి ఇంకో పొర కడుతుంది, కింద పుండు మానుతోందో కుళ్లుతోందో కనపడదు. రోజూ ఓపిగ్గా కూర్చుని వాడికి రాసే మనిషి ఇంట్లో ఉండటం అదృష్టం. ఆవిడ చేతిలో పసుపు గిన్నె బదులు ఉప్పునీళ్ల గుడ్డ, వాజలీన్ డబ్బా పెట్టండి. వాచ్‌మన్ కిరోసిన్ గురించి పైన చెప్పేశాను. మీ ఆయన స్ప్రే గోడలకి కొట్టేది, ఒంటికి కాదు. గదిలో కొట్టాలంటే బ్రూనోనీ పిల్లినీ, వాళ్ల నీళ్ల గిన్నెల్నీ బయట పెట్టి, తర్వాత కిటికీలు తెరిచి, వాసన పోయాక రానివ్వాలి. మనం ఒంటికి రాసుకునే దోమల క్రీముల్లో డీట్ ఉన్నవి కుక్కకి పనికిరావు, నాకితే వణుకు, వాంతులు వస్తాయి. టీ ట్రీ ఆయిల్ వద్దు. కర్పూరం వద్దు. కలరా ఉండలు గుడ్డలో కట్టి మెడకి వేలాడదీసినవాళ్లని కూడా చూశాను, అది తినే వస్తువనుకుని కుక్క మింగితే ప్రాణం మీదికొస్తుంది. జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీములూ, స్టెరాయిడ్ కలిసిన చర్మం మందులూ ఇంట్లో ఉన్నాయి కదా అని రాయకండి.

పిడుదుల మాత్ర వేస్తున్నా ఈగలు ఎందుకు పోవడం లేదంటే, ఆ మాత్ర పనిచేసే తీరే వేరు. అది రక్తంలో ఉంటుంది. పిడుదు రోజుల తరబడి పట్టుకుని రక్తం తాగుతుంది కాబట్టి చస్తుంది. ఈగ వచ్చి, పొడిచి, ఎగిరిపోతుంది. తర్వాత చచ్చినా చావకపోయినా పోటు పడనే పడింది. మాత్ర మానకండి, దాని పని అది చేస్తోంది. ఈగలు వాలకుండా ఉండాలంటే చర్మం మీద ఉండే మందు కావాలి. మెడ వెనక, వీపు మీద చుక్కలుగా వేసే పెర్మెత్రిన్ మందులు ఉన్నాయి, బరువుని బట్టి వేస్తారు, సుమారు నాలుగు వారాలు ఉంటుంది. మీరు రాసిన ఇంకో వాక్యం ఇక్కడే ముఖ్యం: ఇంట్లో పిల్లి ఉంది. పెర్మెత్రిన్‌ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి సరిగా లేదు. కుక్క వీపుకి ఒళ్లు రాసుకుని, తర్వాత తన ఒళ్లు తాను నాక్కుంటే వణుకు మొదలై ఫిట్స్ దాకా పోతుంది, చచ్చిపోవచ్చు. మీ పిల్లీ బ్రూనో కలిసి పడుకునే రకమైతే ఆ మందు మాటే వద్దు, డాక్టరుకి పిల్లి సంగతి మొదటే చెప్పండి. ఆవులకి పిడుదుల కోసం కొట్టే మందుని కొలత లేకుండా నీళ్లలో కలిపి కుక్కకి పట్టించే అలవాటు చుట్టుపక్కల ఉంటుంది. "మా ఆవుకేం కాలేదు" అంటారు. ఆవు ఒళ్లు నాక్కున్నట్టు కాదు కుక్క నాక్కోవడం, బరువు కూడా పదో వంతే.

మందులకంటే నాకు నమ్మకం ఫ్యాన్ మీద. వరండాలో వాడు పడుకునే చోటుకి ఒక టేబుల్ ఫ్యాన్, తల వైపు గాలి తగిలేలా పెట్టండి. ఎదురుగాలి కొడుతుంటే ఈగ చెవి కొస మీద నిలదొక్కుకోలేదు. ఖర్చు తక్కువ, పిల్లికి ప్రమాదం లేదు, వాడికి చల్లగా కూడా ఉంటుంది. వైరు మాత్రం వాడి నోటికి అందకుండా గోడ మీద నుంచి తీసుకెళ్లండి. ఈ ఈగలు పగటివే. పొద్దున ఎండ పడ్డాక, మళ్లీ సాయంత్రం పొద్దు వాలే ముందు జోరు ఎక్కువ. ఆ రెండు వేళల్లో బ్రూనోని లోపల ఉంచండి. కాస్త చీకటిగా ఉండే గదిలోకి ఇవి పెద్దగా రావు. వాహ్యాళి తెల్లవారుజామున, చీకటి పడ్డాక పెట్టుకోండి.

వరండాకి వల కట్టించగలిగితే ఇంకా మంచిది. మీరుండే వైపు నుంచి ఇంకాస్త ముందుకి, విజయపుర, శిడ్లఘట్ట వైపు వెళ్తే పట్టుపురుగులు పెంచే ఇళ్లకి కిటికీలకీ తలుపులకీ నైలాన్ వల కట్టి ఉంటుంది. ఊజీ ఈగ అని ఒకటి 1980లో కర్ణాటకలోకి వచ్చింది. పట్టుపురుగు ఒంటి మీదే గుడ్డు పెట్టి పంటంతా పాడుచేస్తుంది. మందు కొడదామంటే పట్టుపురుగు కూడా పురుగే, ముందు అదే చస్తుంది. అందుకని ఆ రైతులు వల కట్టి గెలుస్తున్నారు. ఆ వల అమ్మే కొట్లు ఆ ఊళ్లలో ఉంటాయి, దోమతెరంత సన్న కన్నం ఉన్నది చూసి తీసుకోండి. కింది అంచుకి సన్న గొలుసో ఇసుక సంచో కట్టకపోతే బ్రూనో మొదటి రోజే మూతితో ఎత్తుకుని బయటికి వచ్చేస్తాడు.

మీ ఇంటి ఆవరణలో చూసుకోవాల్సింది పెద్దగా లేదు. వాడి మలం రోజుకి రెండుసార్లు తీసి కట్టి పారేయండి, మూత్రం పోసే మూల నీళ్లు కొట్టండి, తిన్న గిన్నె వెంటనే కడగండి. ఎండాకాలంలో ఇంటి ఈగ గుడ్డు వారం, పది రోజుల్లో ఎగిరే ఈగ అయిపోతుంది, కాబట్టి ఆదివారం ఒక్కరోజు శుభ్రం చేస్తే సరిపోదు. బెల్లం నీళ్ల సీసాలు, జిగురు అట్టలు పెట్టాలనుకుంటే వాడు పడుకునే చోటుకి దూరంగా, కాంపౌండు అవతలి మూలన పెట్టండి. దగ్గర పెడితే మనమే విందుకి పిలిచినట్టు. ఈగల్ని చంపే తియ్యటి గుళికలు మాత్రం కుక్క ఉన్న ఇంట్లో చల్లకండి. ఈగకి తియ్యగా ఉండేది కుక్కకీ తియ్యగానే ఉంటుంది.

అసలు పుట్టిల్లు పక్క స్థలంలో ఉంది. కొట్టం ఈగ ఉత్త పేడలో కంటే పేడ, మూత్రం, తడిసిన గడ్డి కలిసి కుళ్లే చోట బాగా పెరుగుతుంది. ఆవులు తినగా కింద పడ్డ రాగి గడ్డి, దాని మీద వాన, దాని మీద పేడ. గుడ్డు నుంచి ఈగ అయ్యేసరికి రెండు మూడు వారాలు పడుతుంది. వారానికి రెండుసార్లు ఆ చెత్త కదిలిస్తే ఏదీ ఈగ దాకా రాదు. ఇది పెద్దాయనతో మాట్లాడే పద్ధతిలో ఉంటుంది. "మీ ఆవుల వల్ల మా కుక్కకి..." అని మొదలుపెట్టకండి. ఈ ఈగ వల్ల ఆయన ఆవులు కూడా బాధపడుతున్నాయి. పొద్దునపూట ఒక కాలు మార్చి ఒక కాలు నేలకేసి కొడుతుంటాయి, ఒకదాని పక్కన ఒకటి నక్కి నిలబడతాయి, సరిగా మేయవు, పాలు తగ్గుతాయి. మీరు గేటు దగ్గర నిలబడి "ఏంటయ్యా, ఆవులు కాళ్లు అలా కొట్టుకుంటున్నాయి, ఈగలా?" అని అడిగి చూడండి. ఆయనే అందుకుంటారు. ఆ చుట్టుపక్కల పాతకాపుల్లో చాలామందికి తెలుగొచ్చు, భాష సమస్య ఉండదు.

ఆయనతో ఒప్పందానికి దారి కూడా ఉంది. తడి చెత్తని ఎండలో పల్చగా పరిస్తే పురుగు బతకదు, దానికి తడి కావాలి. పరిచే చోటు లేకపోతే కుప్ప వేసి మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులకి రాళ్లు పెడితే లోపలి వేడికి పురుగులు చస్తాయి, ఎరువు కూడా బాగా తయారవుతుంది. పట్టా మీరు కొనివ్వండి. కూలి మనిషికి వారానికి రెండు పూటల డబ్బు సగం మీరు పెట్టుకోండి. బదులుగా మీ మొక్కలకి రెండు బస్తాల ఎరువు అడగండి. ఇచ్చిపుచ్చుకునేది ఉంటే ఆయనకి చిన్నతనంగా ఉండదు. బ్రూనో డాక్టరు ఖర్చుతో పోలిస్తే ఇది ఎంతో కాదు. ఫలితం కనపడ్డానికి మూడు వారాలు ఆగాలి, ఇప్పటికే పుట్టినవి తిరిగి తిరిగి పోవాలి కదా.

ఒకవేళ మీరు బొచ్చు విడదీసి చూస్తున్నప్పుడు చదునుగా, గోధుమ రంగులో ఉన్న ఈగ ఒకటి ఎగరకుండా పీతలా పక్కకి పరిగెత్తితే కంగారు పడకండి. అది కుక్కల ఒంటి మీదే కాపురముండే ఇంకో రకం. వేళ్లతో నలిపితే చావదు, దాని ఒళ్లు అంత గట్టి. దువ్వెనతో పట్టి సబ్బునీళ్లలో వేయండి, డాక్టరుకి చెప్పండి.

చెవులు మామూలుగా అవుతాయా అన్నారు. పెచ్చు పోయి, కొత్త పోట్లు పడకుండా ఉంటే రెండు మూడు వారాల్లో పుండు మానుతుంది. బొచ్చు దాని తర్వాత మెల్లగా వస్తుంది. ఏళ్లుగా కరిచి కరిచి కొస అరిగిపోయిన చోట రాదు, అక్కడ నల్లటి నున్నటి చర్మం ఉండిపోతుంది, ఒక చెవి ఇంకో చెవికంటే గోరంత పొట్టిగా కనిపించొచ్చు. మీది రెండేళ్ల బాధే కాబట్టి చాలావరకు వచ్చేస్తుందనే నా అంచనా. రోజూ ఒకే చోట నిలబెట్టి, ఒకే వెలుతురులో రెండు చెవులకీ ఫొటో తీసి పెట్టుకోండి. రోజూ చూసేవాళ్లకి మార్పు తెలియదు. మూడు వారాల తర్వాత మొదటి ఫొటో, ఆఖరి ఫొటో పక్కపక్కన పెట్టి నాకు పంపండి. తోక కింద ఏం కనపడిందో మాత్రం అంతదాకా ఆగకుండా, చూసిన రోజే రాయండి.